మదరాసున దొరకిన ముప్పేట త్రాడు

మూడు పేటలను గలిపి పురి పెట్టినగాని పలుపు గట్టిపడదని రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. మన యెముకలయందును, చర్మమునందును, స్నాయువులయందును ఉండు కొల్లాజెన్ అను మాంసకృత్తు అట్టి ముప్పేట త్రాడే. దేహమునందలి మాంసకృత్తులలో దాదాపు మూడవ వంతు ఇదియే. దీనికి మూడు పేటలు గలవని 1954లోను, అవి యొకదానినొకటి పెనవేసికొనియున్నవని మరుసటి యేటను వెల్లడించినవారు మదరాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా. కంగారూ తోకలోని స్నాయువుపై ఎక్స్ కిరణములను బ్రసరింపజేసి, ఫలకముపై బడిన గుర్తులనుబట్టి వారీ సంగతిని గ్రహించిరి.

ఈ త్రాడును విడిపోకుండ నిలుపునదేది? ప్రతి పేటయు ఎమైనో ఆమ్లములను వరుసగా గ్రుచ్చిన దండ. పూసకును పూసకును గల బంధము బలమైనది. పేటకును పేటకును నడుమ నుండునది ఉదజని బంధము. దీని బలము మొదటిదానిలో పదవ వంతైన లేదు. అయినను అట్టివి వందలకొలది చేరి పేటలను బిగియించుచున్నవి. త్రాటి నడుమ ఇరుకు మెండు. అచ్చట నిముడునది గ్లైసీను ఒక్కటే. దాని ప్రక్కకొమ్మ ఒక్క ఉదజని పరమాణువు మాత్రమే గదా! అందుచేతనే ప్రతి మూడవ పూసయు గ్లైసీను. ఆ తావున పెద్ద పూస చొచ్చినచో పురి చెడును. అట్లు పుట్టిన బిడ్డలలో కొందరి యెముకలు చిన్న తాకుడునకే విరుగును. వేయి పూసలలో ఒకటి మారినందుకు ఇంత శిక్ష!

1955లో అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ అనువారు మదరాసు నమూనాను దప్పుపట్టిరి. మూడు పూసలకు రెండేసి ఉదజని బంధములని మదరాసువారి లెక్క. ఒక్కటియే యని వీరి వాదము. రెండును గుదిర్చినచో పరమాణువులు మితిమీరి దగ్గరగునని యాక్షేపించిరి. ఈ లెక్కలో నెగ్గినది విమర్శకులే. 1994లో వెలువడిన స్ఫటిక నిర్మాణమున సూటిగా గట్టిన బంధ మొక్కటియే కానవచ్చినది. ముప్పేట యన్న మూలభావము మాత్రము మదరాసువారిదే.

రామచంద్రన్ ఆ యాక్షేపణనే చేతబట్టెను. పరమాణువులు ఎంతవరకు దగ్గర కావచ్చును? ప్రకటితములైన స్ఫటికముల కొలతలను వెదకి, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ అను శిష్యులతో గూడి 1963లో ఒక పటమును వెలువరించెను. ప్రతి పూసయొద్దను దండ తిరుగుటకు రెండు కోణములు గలవు. వానిలో ఏ జత చెల్లునో, ఏది చెల్లదో ఆ పటము చూపును. చూడగా చెల్లని తావే యెక్కువ!

నేటికిని ఏ దేశమున ఏ మాంసకృత్తు నిర్మాణమును దేల్చినను దానిని ఆ పటముపై బెట్టి సరిచూచుట వాడుక. నిషిద్ధస్థలములలో పూసలు పెక్కు బడినచో ఆ నమూనాను మరల పరిశీలింతురు. గ్లైసీను మాత్రము ఇతరములకు జొరరాని చోట్లను సైతము తిరుగును. తగులుకొను కొమ్మ దానికి లేదు.