బొమ్మ వెనుక మనిషి

తెరమీద ముఖం గీసినది. పలికే గొంతు ప్రాణమున్నది. ఈ రెంటిలో ఏది అసలు?

బిలాస్‌పూర్‌ రైల్వే పట్టణంలోని దయాల్‌బంద్‌లో కూర్చుని జపాను దేశపు పాట వినడం నేటి పిల్లలకు వింత కాదు. చేతిఫోను తెరమీద పెద్ద కన్నుల బొమ్మపిల్ల ఒకతె నవ్వుతుంది, పాడుతుంది, ప్రేక్షకులు రాసి పంపిన ప్రశ్నలకు అప్పటికప్పుడే జవాబు చెబుతుంది. ఇది ముందుగా తీసి ఉంచిన కార్టూను చిత్రం కాదు. ఎక్కడో ఒక గదిలో, సరిగా ఆ క్షణాన, ఒక మనిషి నవ్వుతున్నారు. వారి కనురెప్పల కదలికను, పెదవుల విరుపును, తల తిప్పడాన్ని కెమేరా పసిగడుతుంది. కంప్యూటరు వాటిని గీసిన బొమ్మకు ఎక్కిస్తుంది. గొంతు మాత్రం ఆ మనిషిదే.

ఇటువంటి కళాకారులను వీట్యూబర్లు అంటున్నారు. వారు ధరించే రూపం పేరు ‘అవతార్’. అది మన మాటే. ‘దిగివచ్చుట’ అనే అర్థం గల ఆ శబ్దాన్ని 1986లో అమెరికాలోని లూకస్‌ఫిల్మ్ సంస్థవారు తమ ‘హాబిటాట్’ కంప్యూటరు ఆటలో ఆటగాని బొమ్మకు పేరుగా వాడారు.

పెద్దలకు ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. పేరు సొంతం కాదు, ముఖం సొంతం కాదు, వయస్సు ఎంతో తెలియదు. ఇది మోసం కాదా?

సందేహం న్యాయమైనదే. కాని వేషం మనకు కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల ‘నాచా’లో పరీ వేషం కట్టేది సంప్రదాయంగా పురుషుడే. అదే ప్రాంతపు పండవానీ గాయని తీజన్‌బాయి, మగవారిదని భావించిన కాపాలిక శైలిలో నిలబడి భారతం పాడారు. ఆమె చేతిలోని తంబూరా భీముని గదగా మారేది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. రైల్వే ఉద్యోగాలకై అక్కడ స్థిరపడిన తెలుగువారికి సొంతగడ్డ జ్ఞాపకాలూ ఇటువంటివే. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ఆంధ్రదేశాన్ని మురిపించినవారు స్థానం నరసింహారావు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మను 1970లో అదే బిరుదు వరించింది. వారిని మోసగాళ్ళని ఎవరూ అనలేదు.

నేటి అవతారాలకు మరింత దగ్గరి చుట్టం తోలుబొమ్మలాట. తెల్లని తెరమీద నీడ బొమ్మది, గొంతు తెర వెనుక కుటుంబానిది. జుట్టుపోలిగాని మాటలకు పొట్టచెక్కలయ్యేలా నవ్వే ప్రేక్షకునికి, ఆ మాటలు తోలువి కావని తెలుసు. తెలిసే నవ్వుతాడు.

అయినా ఒక భేదం ఉన్నది. స్థానంవారి పేరు నాటకం కరపత్రం మీదనే ఉండేది. తెల్లవారితే రంగు కడిగేసేవారు. వీట్యూబరు పేరు సాధారణంగా రహస్యం. రంగు ఏళ్ళ తరబడి కడగరు. ఈ మరుగు ఒకరికి నీడ. రూపాన్ని చూసి వెక్కిరించే లోకంలో, కేవలం గొంతుతో, చమత్కారంతో నెగ్గే అవకాశం దొరుకుతుంది. మరొకరికి అదే ముసుగు. లేని కష్టం చెప్పి అభిమానుల సొమ్ము గుంజుకోవడానికి ఉపకరిస్తుంది.

మరి ప్రేక్షకులు ప్రేమించేది బొమ్మనా, మనిషినా? ఇందుకు జపానులో ఒక పరీక్షే జరిగింది. 2016 చివర రంగప్రవేశం చేసిన ‘కిజునా ఐ’ తనను తాను వర్చువల్ యూట్యూబర్‌గా చెప్పుకుని ఆ మాటకు ప్రచారం తెచ్చింది. 2019లో నిర్వాహకులు అదే బొమ్మకు వేరే గొంతులను జోడించారు. జుట్టు అదే, కన్నులు అవే, దుస్తులు అవే. అయినా అభిమానులు గుర్తుపట్టి నొచ్చుకున్నారు. 2020లో తొలి గాత్రధారిణి నొజొమి కసుగా పేరు బహిరంగమయింది. 2022 ఫిబ్రవరిలో విరామం తీసుకున్న ఆ పాత్ర 2025లో తిరిగి వచ్చింది. బొమ్మను ఎందరికైనా తొడగవచ్చు. మనిషిని మార్చితే చూసేవారికి తెలిసిపోతుందని ఆ ఉదంతం చాటింది.

న్యాయస్థానాలు కూడా ఈ సంగతి గ్రహిస్తున్నాయి. దక్షిణ కొరియాలో ‘ప్లేవ్’ అనే అయిదుగురు సభ్యుల గాయకబృందం 2023లో అవతారాలతోనే వెలసింది. వారిని దూషించిన ఒక వ్యక్తి, అవి కల్పిత పాత్రలే గదా అని వాదించాడు. 2025లో న్యాయస్థానం ఒప్పుకోలేదు. బొమ్మను తిడితే దెబ్బ తగిలేది వెనుకనున్న మనిషికేనని తీర్పు చెప్పి, ఒక్కొక్కరికి లక్ష వాన్ల చొప్పున పరిహారం ఇప్పించింది. సొమ్ము స్వల్పమే, సూత్రం గొప్పది.

నావంటి అనువాదకునికి ఈ చర్చ పరాయిది కాదు. అనువాదంలో పలికేది మూలరచయిత, మాటలు నావి. పాఠకుడు దాన్ని మోసమనుకోడు. కాని మూలంలో లేనిది చేర్చితే అది మోసమే. అవతారానికీ కొలత ఇదే. ముఖం దాచుకోవడం తప్పు కాదు. ఇచ్చిన మాటను దాటవేయడానికి ముఖం దాచుకోవడం తప్పు.

అలాగని బాధ్యత అంతా కళాకారునిదే కాదు. తెర చించి లోపలి మనిషి పేరు, ఇల్లు బయటపెట్టాలని ఉబలాటపడే ప్రేక్షకుడు ఆటకు ద్రోహం చేసినవాడే. పనివాడు మారినా బొమ్మ మిగిలితే చాలునని తలచే యజమాని కూడా అంతే. మన పిల్లలకు చెప్పవలసినది ఒక్కటే: బొమ్మను చూసి ఆనందించండి, దాని వెనుక అలసిపోయే మనిషి ఉన్నారని మరువకండి, ఆ మనిషి సొమ్ము అడిగినప్పుడు మాత్రం, ఎందుకని ఒకసారి ప్రశ్నించండి.