గ్రీకు వంకాయ వంటకాలు, పులుపులో ఊరవేసిన కూరగాయలు: పద్ధతి, సూత్రం, జాగ్రత్త

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు.
1. గ్రీకు వంటలోకి వంకాయ ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
2. వంకాయ నూనె పీల్చుకోవడానికి, కోసినప్పుడు నల్లబడటానికి కారణాలు చెప్పగలుగుతారు.
3. మెలిజానోసలాటా, ఇమామ్ బాయిల్ది, తుర్సి అనే మూడు వంటకాలను తయారుచేయగలుగుతారు.
4. నూనెలో నిలవచేయడానికీ పులుపులో నిలవచేయడానికీ ఉన్న తేడాను, దానిలోని ప్రమాదాన్ని గుర్తించగలుగుతారు.
5. వెనిగర్ గాఢతను లెక్కకట్టి, వంట విధానాన్ని మీకు దొరికే వెనిగర్‌కు తగినట్లు మార్చుకోగలుగుతారు.

1. పరిచయం

గ్రీకు వంట అనగానే వంకాయ, టమాటా, ఆలివ్ నూనె గుర్తుకు వస్తాయి. వీటిలో ప్రాచీన గ్రీకులకు తెలిసినది ఆలివ్ నూనె ఒక్కటే. టమాటా, మిరప జాతి కాయలు అమెరికా ఖండాల నుంచి 1492 తరువాతనే ఐరోపాకు చేరాయి. వంకాయ ఆసియా పంట. దీని ప్రయాణాన్ని పేర్లలోనే గుర్తుపట్టవచ్చు. సంస్కృతంలోని 'వాతింగణ' పారశీకంలో 'బాదింగాన్', అరబ్బీలో 'బాదింజాన్' అయింది. మధ్యయుగాలలో అరబ్బుల ద్వారా మధ్యధరా తీరానికి చేరి, గ్రీకులో 'మెలిజానా'గా స్థిరపడింది. గ్రీకులో 'మెలాస్' అంటే నలుపు. కాయ రంగును బట్టి ఆ మాట ధ్వని కూడా ఈ పేరులో కలిసింది.

ఈ వంటకాలు నేటి రూపానికి రావడంలో రెండు ఘట్టాలు ముఖ్యమైనవి. మొదటిది 1923 నాటి జనాభా మార్పిడి. గ్రీసు, టర్కీల మధ్య ఒప్పందం ప్రకారం ఆసియా మైనర్ ప్రాంతపు గ్రీకు సనాతన క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి తరలవలసి వచ్చింది. గ్రీసుకు చేరిన పది లక్షలకు పైబడిన శరణార్థులు తమ వంటను కూడా వెంట తెచ్చుకున్నారు. వంకాయలో ఉల్లి, టమాటా కూరి వండే ఇమామ్ బాయిల్ది పేరు ఇప్పటికీ టర్కిష్ మాటే. 'ఇమాము మూర్ఛపోయాడు' అని దాని అర్థం. రెండవది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నికోలావోస్ త్సెలెమెందేస్ (1878–1958) రాసిన వంట పుస్తకాల ప్రభావం. ముసకాస్ అనే వంకాయ, మాంసం వంటకం మీద తెల్లని బెషమెల్ పొర వేయడాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చినది ఆయనే. గ్రీకులో నేటికీ వంట పుస్తకాన్ని వాడుకలో ఆయన పేరుతోనే పిలుస్తారు.

మతపరమైన ఉపవాసాలు కూడా ఈ వంటను తీర్చిదిద్దాయి. గ్రీకు సనాతన క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. కూరగాయలను ఆలివ్ నూనెలో మెత్తగా వండే 'లాదెరా' వంటకాలు ఇటువంటి రోజులకు బాగా అనువైనవి. 'లాది' అంటే నూనె. అందువల్ల ఇక్కడ నూనె పోపుకు మాత్రమే పరిమితం కాదు. అదే కూరకు రసం, రుచి.

2. వంకాయ స్వభావం

వంకాయలో తొంభై శాతానికి పైగా నీరే. అయినా కాయ తేలికగా ఉంటుంది, నొక్కితే స్పంజిలా లోపలికి పోతుంది. కణాల మధ్య గాలి గదులు ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. పచ్చి ముక్కను వేడి నూనెలో వేస్తే ఆ గదులలోకి నూనె చేరుతుంది. వేడికి కణజాలం కుంగిపోయిన తరువాత కొంత నూనె తిరిగి బయటకు వస్తుంది. మూకుడులో నూనె చాలలేదని మొదట్లోనే మళ్ళీ పోస్తే కూర నూనె ఓడుతూ ఉండటానికి ఇదే కారణం.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఉప్పు. కిలో ముక్కలకు సుమారు 20 గ్రాముల ఉప్పు చల్లి, 30 నుంచి 60 నిమిషాలు చిల్లుల గిన్నెలో ఉంచితే నీరు ఊరి బయటకు వస్తుంది, గాలి గదులు కుంగుతాయి. తరువాత కడిగి, గట్టిగా పిండి, తుడవాలి. రెండవది ముందుగా కాల్చడం లేదా ఆవిరిపై ఉడికించడం. చేదు పోవడానికే ఉప్పు వేస్తారని చాలామంది అనుకుంటారు. నేటి సాగు రకాలలో చేదు తక్కువ కాబట్టి, నూనె పీల్చడం తగ్గించడమే ఉప్పు వల్ల కలిగే ప్రధాన లాభం.

కోసిన ముక్క నల్లబడటం వేరే విషయం. వంకాయలో క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫీనాలిక్ పదార్థాలున్నాయి. కోసినప్పుడు కణాలు చిట్లి, ఇవి ఒక ఎంజైముతోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలుస్తాయి. గోధుమ రంగు ఏర్పడుతుంది. మన ఇళ్ళలో ముక్కలను ఉప్పు నీళ్ళలో వేయడం, గ్రీకులు నిమ్మరసం పిండటం ఈ చర్యను నెమ్మదింపజేయడానికే.

గ్రీసులో రకాల ఎంపికకూ ప్రాధాన్యం ఉంది. పెలొపొనీస్‌లోని లియోనిడియో ప్రాంతంలో పండే త్సాకోనికి వంకాయ పొడవుగా, లేత ఊదా రంగులో తెల్లని చారలతో, కొంచెం తీపిగా ఉంటుంది. దీనికి ఐరోపా సమాఖ్య మూలస్థాన రక్షణ గుర్తింపు ఉంది. సాంతోరిని ద్వీపంలో తెల్ల వంకాయ పండుతుంది. మన దగ్గర మెలిజానోసలాటాకు పెద్ద గుండ్రని వంకాయ, ఇమామ్ బాయిల్దికి పొడవు వంకాయ, తుర్సికి గుత్తి వంకాయ సరిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) వంకాయ ముక్కలు నూనె ఎక్కువగా పీల్చుకోవడానికి కారణమేమిటి?
(ఆ) లాదెరా వంటకాలకు, ఉపవాసాలకు ఉన్న సంబంధాన్ని రెండు వాక్యాలలో రాయండి.

3. తయారుచేసే విధానాలు

3.1 మెలిజానోసలాటా

కాల్చిన వంకాయ పచ్చడి తిన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. చింతపండు, పచ్చిమిర్చి, పోపు స్థానంలో నిమ్మరసం, వెల్లుల్లి, ఆలివ్ నూనె ఉంటాయి.

కావలసినవి: పెద్ద వంకాయలు 1 కిలో, వెల్లుల్లి 1 లేదా 2 రెబ్బలు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, ఆలివ్ నూనె 60 మిల్లీలీటర్లు, ఉప్పు, సన్నగా తరిగిన పార్స్‌లీ.

కాయలకు అక్కడక్కడ గాట్లు పెట్టాలి. లేకపోతే లోపలి ఆవిరికి పగిలే అవకాశం ఉంది. మంటపై తిప్పుతూ తొక్క నల్లగా మాడి, కాయ పూర్తిగా మెత్తబడేవరకు కాల్చాలి. ఓవెన్ అయితే 220 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 45 నిమిషాలు పడుతుంది. తొక్క తీసిన గుజ్జును అరగంట చిల్లుల గిన్నెలో ఉంచి నీరు కారనివ్వాలి. ఈ మెట్టు వదిలేస్తే పచ్చడి పలచబడి రుచి చప్పబడుతుంది. ఆపైన కత్తితో కచ్చాపచ్చాగా తరిగి, నూరిన వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం కలిపి, నూనెను కొద్దికొద్దిగా పోస్తూ గిలకొట్టాలి. నూనె చిన్న బిందువులుగా విడిపోయి గుజ్జులో కలిసి చిక్కదనం వస్తుంది. మిక్సీలో వేస్తే జిగురుగా మారుతుంది.

3.2 ఇమామ్ బాయిల్ది

కావలసినవి: పొడవు వంకాయలు 1 కిలో, ఉల్లిపాయలు 500 గ్రాములు, టమాటాలు 400 గ్రాములు, వెల్లుల్లి 4 రెబ్బలు, ఆలివ్ నూనె 120 మిల్లీలీటర్లు, పార్స్‌లీ, చక్కెర అర టీస్పూన్, ఉప్పు, మిరియాలు.

వంకాయలకు తొడిమ ఉంచి, నిలువుగా ఒక గాటు పెట్టి, కొంచెం నూనెలో అన్ని వైపులా మెత్తబడనివ్వాలి. ఉల్లిని చక్రాలుగా కోసి, సన్నని మంటపై 15 నుంచి 20 నిమిషాలు మగ్గించాలి. ఉల్లి వేగి ఎర్రబడకూడదు, తీపి తేలాలి. వెల్లుల్లి, టమాటా, చక్కెర, ఉప్పు వేసి దగ్గరపడ్డాక పార్స్‌లీ కలపాలి. ఈ మిశ్రమాన్ని గాట్లలో కూరి, మిగిలిన నూనె, కొంచెం నీరు పోసి, 180 డిగ్రీల వద్ద సుమారు 45 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ లేనివారు మందపాటి వెడల్పు గిన్నెలో మూతపెట్టి సన్నని సెగపై వండవచ్చు. గోరువెచ్చగా వడ్డిస్తారు.

3.3 తుర్సి

'తుర్సి' అనే మాట పులుపు అనే అర్థం గల పారశీక పదం నుంచి వచ్చింది. కాలీఫ్లవర్, క్యారెట్, సెలరీ, క్యాప్సికమ్, చిన్న వంకాయలు దీనికి వాడతారు.

కావలసినవి: లేత గుత్తి వంకాయలు 500 గ్రాములు, సన్నగా తరిగిన క్యారెట్ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, సెలరీ ఆకులు, కాడలు, ఉప్పు, వెనిగర్.

కాయలకు ఒక గాటు పెట్టి, మరిగే ఉప్పు నీటిలో 5 నుంచి 8 నిమిషాలు ఉడికించాలి. వడకట్టి, బరువు పెట్టి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో నొక్కి ఉంచితే నీరు పోతుంది. క్యారెట్, వెల్లుల్లి, సెలరీ ఆకు కూరి, వేడి నీళ్ళలో ముంచి మెత్తబరిచిన సెలరీ కాడతో కట్టాలి. మరిగే నీటితో శుభ్రం చేసిన గాజు సీసాలో పేర్చి, కాయలు పూర్తిగా మునిగేటట్లు ఉప్పు కలిపిన వెనిగర్ పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. వారానికి రుచి పడుతుంది. ఆలివ్ నూనెను వడ్డించేటప్పుడే పోయాలి. ఈ నియమానికి కారణం తరువాతి భాగంలో ఉంది.

4. నూనె నిలవ ఉంచుతుందా?

నూనె గాలిని అడ్డుకుంటుంది. బూజుకు గాలి కావాలి కాబట్టి పైన నూనె తేలితే బూజు తగ్గుతుంది. అయితే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా గాలి లేని చోటనే పెరుగుతుంది. దాని సిద్ధబీజాలు మట్టిలో ఉంటాయి, కూరగాయలకు అంటుకొని వస్తాయి. నీరు మరిగే వేడికి ఇవి నశించవు. గాలి లేకపోవడం, పులుపు తక్కువగా ఉండటం, తేమ, గది ఉష్ణోగ్రత కలిస్తే మొలకెత్తి, నాడులను దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. ఈ విషం ఉన్న పదార్థం రంగు, వాసన, రుచి మారకుండా ఉండవచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, నూనెలో వేసి గది ఉష్ణోగ్రతలో ఉంచిన తరిగిన వెల్లుల్లి వల్ల 36 మంది ఈ వ్యాధికి గురయ్యారు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో మరో ముగ్గురికి అదే జరిగింది. ఆ తరువాత నూనెలో వెల్లుల్లిని అమ్మేవారు దానికి ఆమ్లం చేర్చాలని అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఆదేశించింది.

పీహెచ్ విలువ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఈ బాక్టీరియా పెరగదు. వంకాయ పీహెచ్ సుమారు 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది. వెల్లుల్లి కూడా ఇదే కోవలోకి వస్తుంది.

'మా ఇంట్లో ఆవకాయ ఏడాదంతా నూనెలోనే ఉంటుంది కదా' అని మీరు అడగవచ్చు. ఆవకాయను కాపాడేది ప్రధానంగా నూనె కాదు. పుల్లని పచ్చి మామిడి, దండిగా వేసే ఉప్పు దాన్ని కాపాడతాయి. నూనె వాటికి తోడు మాత్రమే. పండుమిరప పచ్చడిలో చింతపండు చేసే పని కూడా ఇదే. పులుపు లేని కాల్చిన వంకాయను, వెల్లుల్లిని నూనెలో ముంచి గట్టుమీద పెడితే, చూడటానికి ఆవకాయ జాడీలాగే ఉన్నా లోపలి రసాయన స్థితి వేరు. నూనెలో కలిపిన కాల్చిన క్యాప్సికమ్, వంకాయ వంటి వాటిని ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజుల లోపు తినాలి. చల్లదనానికి ఆలివ్ నూనె పేరుకుంటే అది చెడినట్లు కాదు. బయట పెడితే కరుగుతుంది.

5. వెనిగర్ లెక్క

గ్రీసులో ద్రాక్ష వెనిగర్ సాధారణంగా 6 శాతం ఆమ్లతతో దొరుకుతుంది. మన దుకాణాల్లోని తెల్ల వెనిగర్ చాలావరకు 4 శాతమే. అందువల్ల అక్కడి కొలతలను ఉన్నదున్నట్లు పాటిస్తే పులుపు తగ్గిపోతుంది.

ఉదాహరణ: ఒక విధానంలో 6 శాతం వెనిగర్ 300 మిల్లీలీటర్లు, నీరు 200 మిల్లీలీటర్లు అని ఉంది. మీ దగ్గర ఉన్నది 4 శాతం వెనిగర్.
- కావలసిన ఆమ్లం: 300 × 6 ÷ 100 = 18 గ్రాములు.
- 300 మిల్లీలీటర్ల 4 శాతం వెనిగర్‌లో ఉన్నది: 12 గ్రాములు. అంటే మూడవ వంతు తక్కువ.
- 18 గ్రాములకు కావలసిన 4 శాతం వెనిగర్: 18 × 100 ÷ 4 = 450 మిల్లీలీటర్లు.
- కాబట్టి వెనిగర్ 450, నీరు 50 మిల్లీలీటర్లు తీసుకోవాలి.

కూరగాయల్లోని నీరు కూడా ఈ ఆమ్లాన్ని పలచబరుస్తుంది. 500 మిల్లీలీటర్ల ద్రవంలో 500 గ్రాముల కూరగాయలు వేస్తే చివరకు గాఢత సుమారు సగమవుతుంది. ఇంట్లో బయట నిలవచేసే పచ్చళ్ళకు ప్రామాణిక విధానాలు 5 శాతం వెనిగర్‌ను ఆధారంగా తీసుకుంటాయి. 4 శాతం వెనిగర్‌తో చేసే తుర్సిలో నీరు కలపకండి. దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి, నెల లోపు వాడుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 5 శాతం వెనిగర్ 200 మిల్లీలీటర్లకు 200 మిల్లీలీటర్ల నీరు కలిపితే గాఢత ఎంత? అందులో 400 గ్రాముల కూరగాయలు వేస్తే సుమారుగా ఎంతవుతుంది?
(ఆ) తుర్సిలో నూనెను వడ్డించేటప్పుడే ఎందుకు పోయాలి?

సమాధాన సూచనలు: (అ) 2.5 శాతం, సుమారు 1.25 శాతం. (ఆ) నూనె పులుపుకు ప్రత్యామ్నాయం కాదు. కాయలు వెనిగర్‌లో పూర్తిగా మునిగి, ఆమ్లం లోపలికి చేరాలి.

6. సారాంశం

వంకాయ ఆసియా నుంచి అరబ్బుల ద్వారా మధ్యధరా ప్రాంతానికి చేరింది. ఉపవాస నియమాలు, 1923 నాటి వలసలు గ్రీకు వంటకు నేటి రూపమిచ్చాయి. వంకాయలోని గాలి గదులను ఉప్పుతోగాని, వేడితోగాని కుంగదీస్తే నూనె ఆదా అవుతుంది. నిలవ ఉంచే శక్తి పులుపుది, ఉప్పుది, చల్లదనానిది. నూనెది కాదు. వంట విధానాన్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి తెచ్చుకునేటప్పుడు కొలతలతోపాటు పదార్థాల గాఢతను కూడా పోల్చి చూడాలి.

7. కృత్యం

మీ ఇంట్లోని వెనిగర్ సీసాపై ఆమ్లత శాతం ఎంత ఉందో చూసి రాసుకోండి. మీ ఇంట్లో పెట్టే మూడు నిలవ పచ్చళ్ళను ఎంచుకొని, ఒక్కొక్కదానిలో పులుపునిచ్చేది ఏది, ఉప్పు ఎంత, నూనె పాత్ర ఏమిటి అనే అంశాలతో పట్టిక తయారుచేయండి.

8. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. గ్రీకు వంటకాల నేటి రూపానికి దోహదం చేసిన చారిత్రక అంశాలను వివరించండి. (10 మార్కులు)
2. ఆవకాయకు, నూనెలో ఉంచిన వెల్లుల్లికి నిలవ విషయంలో ఉన్న తేడాను పీహెచ్ ఆధారంగా చర్చించండి. (10 మార్కులు)
3. మెలిజానోసలాటా తయారీలోని ప్రతి మెట్టుకు కారణం రాయండి. (5 మార్కులు)