డ్రా: అర పాయింటు విలువ

చదరంగంలో గెలుపు ఓటములే కాక మూడవ ఫలితం ఒకటి ఉన్నది. అదే డ్రా. అప్పుడు ఇరువురికీ చెరొక అర పాయింటు లభిస్తుంది. విజయవాడ వన్ టౌన్‌లో ఏ అరుగు మీదనో ఇద్దరు మిత్రులు ఆడిన ఆట ఇట్లా ముగిస్తే చూచేవారు పెదవి విరుస్తారు. కాని పోటీలో ఆ అర పాయింటును దక్కించుకోవడం సులభం కాదు. ఇందుకు కోనేరు హంపి ఆడిన ఒక ఆట నిదర్శనం.

హంపి 1987లో కృష్ణాజిల్లా గుడివాడలో జన్మించారు. తండ్రి అశోక్ ఆమెకు తొలి గురువు. 2002లో, 15 ఏళ్ళ వయస్సులో, గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన తొలి భారతీయ మహిళగా ఆమె కీర్తి గడించారు. 2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమి నగరంలో జరిగిన మహిళల ప్రపంచకప్‌లో తుదిపోరుకు చేరారు. ప్రత్యర్థి నాగపూర్‌కు చెందిన 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్.

జూలై 26న జరిగిన మొదటి ఆటలో దివ్య తెల్లపావులతో ఆడారు. ఆరంభం 'క్వీన్స్ గాంబిట్'. ఇందులో తెలుపు మొదట మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరుపుతుంది. నలుపు కూడా అట్లే చేస్తుంది. పిమ్మట తెలుపు, మంత్రి ప్రక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్ళు జరిపి ఎరగా చూపుతుంది. నలుపు దానిని చంపితే ఎరను స్వీకరించినట్లు. హంపి స్వీకరించారు. అందువల్ల నలుపు బంటు బల్ల మధ్యభాగాన్ని విడిచిపోతుంది. అక్కడ తెలుపుకు బలం పెరుగుతుంది. పోయిన బంటుకు బదులు తీర్చుకోవడం కూడా తెలుపుకు సాధారణంగా కష్టం కాదు. ఈలోగా నలుపు తన పావులను వేగంగా బయటికి తెచ్చుకోవాలి.

ఆ ఆటలో తొలిదశలోనే దివ్యది పైచేయి అయింది. ఆమె ఆ అవకాశాన్ని పూర్తిగా వినియోగించుకోలేకపోయారు. హంపి ఓర్పుతో ఎదురు నిలిచారు. చివరకు ఎత్తులు పునరావృతమయ్యాయి. ఒకే స్థితి మూడుసార్లు ఏర్పడితే డ్రా కోరవచ్చునన్నది నియమం. ఆట అట్లే ముగిసింది.

మరునాటి ఆట కూడా డ్రా అయింది. జూలై 28న జరిగిన వేగవంతమైన ఆటలలో దివ్య గెలిచి ప్రపంచకప్‌ను, దానితోపాటు గ్రాండ్‌మాస్టర్ హోదాను పొందారు. హంపికి కప్పు దక్కలేదు. కాని మొదటి ఆటలో ఓడి ఉంటే మరునాటి డ్రాతోనే ఆమె పోరాటం ముగిసిపోయేది. క్లిష్టస్థితిలో కాపాడుకొన్న అర పాయింటు ఆమెకు మరొక అవకాశాన్ని ఇచ్చింది. డ్రా విలువ అదే.