నల్ల కారు మెరుపు నిలవాలంటే

నల్ల కారుపైనే గీతలు ఎక్కువ పడతాయని పలువురి నమ్మకం. అది సరికాదు. తెల్ల కారుపైనా అవే గీతలు పడతాయి. నలుపుపై అవి ఎండలో తెల్లగా మెరిసి కనబడతాయి, అంతే తేడా.

నేటి కార్లలో చాలావాటికి రంగుపైన పారదర్శకమైన రక్షణ పూత ఉంటుంది. దాని మందం సుమారు 40 నుండి 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతుకు మించదు. మెరుపంతా ఆ పూతదే.

బళ్లారి, హొసపేట వైపు ఇనుప ఖనిజపు ఎర్రధూళి కార్లపై పేరుకుంటుంది. దానిని పొడిగుడ్డతో తుడవడం గరుకు కాగితంతో రుద్దడం వంటిదే.

కారును నీడలో నిలిపి, రేకు చల్లారిన పిమ్మట నీటిధారతో దుమ్మును జార్చాలి. రెండు బకెట్లు ఉంచుకోవాలి. ఒకటి కారు షాంపూ నీటికి, మరొకటి గుడ్డ జాడించడానికి. పైకప్పు నుండి మొదలుపెట్టి కిందికి కడగాలి. బోరునీటిలోని లవణాలు ఆరితే తెల్లమచ్చలు కడతాయి. కనుక వెంటనే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దాలి.

పక్షిరెట్టలు ఎండలో పూతను తినివేస్తాయి. వాటిని ఆలస్యం చేయక తడిపి, నానిన తరువాత తీయాలి. వాహనపూజలో పెట్టిన పసుపు కుంకుమలనూ గీకరాదు, నీటితోనే కడగాలి.

రెండు మూడు నెలలకొకసారి మైనం పట్టించడం మేలు. పాలిష్ వేరు, అది పూతను కొంత అరగదీసి గీతలను మాపుతుంది. అరిగిన పూత తిరిగి రాదు కనుక తరచుగా చేయించరాదు.

పిల్లలకు కారు కడిగే పని అప్పగించేటప్పుడు ఈ ఒక్కమాట చెప్పండి: ముందు నీళ్లు, ఆ తరువాతే గుడ్డ.