గీత పైన, గ్యాసు కింద

కాకినాడకు ఎదురుగా ఉన్న సముద్రాన్ని చమురు శాఖ పటంలో చూస్తే నీళ్లకంటే ముందు గళ్లు కనిపిస్తాయి. ఒక్కో గడికి ఒక నంబరు, ఒక కంపెనీ పేరు. కేజీ-డీ6 అనే గడి రిలయన్స్ చేతిలో ఉంది. దాన్ని ఆనుకుని ఓఎన్‌జీసీ వారి 98/2 ఉంది. వీటినే బ్లాకులు (చమురు, గ్యాసు వెతుక్కోమని ప్రభుత్వం హద్దులు గీసి ఇచ్చే ప్రాంతాలు) అంటారు.

ఈ రెండు పేర్లూ కొంతకాలంగా వార్తల్లో నలుగుతున్నాయి. 2024 జనవరిలో 98/2 నుంచి తొలిసారి చమురు పైకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఈ రెండు బ్లాకుల మధ్య గ్యాసు తగాదాపై ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తగాదా అర్థం కావాలంటే చమురు పటం ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

ఈ పటంలో మూడు సంగతులు ఉంటాయి: బ్లాకు, క్షేత్రం, నిల్వ. చూడ్డానికి మూడూ ఒకే కాగితం మీద ఉంటాయి. నమ్మకం మాత్రం మూడింటికీ ఒకటి కాదు.

బ్లాకు మనిషి గీసిన హద్దు. మూలలను అక్షాంశ రేఖాంశాలతో గుర్తిస్తారు. అందుకే మూడింటిలోకీ ఇదే కచ్చితమైనది. ఇక్కడా ఒక చిక్కుంది. భారత సర్వే పాత పటాలు 19వ శతాబ్దంలో కట్టిన ఎవరెస్ట్ లెక్క మీద నడిచాయి. ఉపగ్రహాలు వాడే డబ్ల్యూజీఎస్-84 లెక్క వేరు. భూమి ఆకారాన్ని, కేంద్రాన్ని ఈ రెండూ వేర్వేరుగా తీసుకుంటాయి. దాంతో అవే అంకెలు రెండు చోట్లను చూపిస్తాయి. మన తూర్పు తీరంలో ఆ తేడా వంద మీటర్లు దాటుతుంది. పాత బావిని కొత్త పటంలోకి ఎక్కించేటప్పుడు దాని అంకెలు ఏ లెక్కవో తేల్చుకోకపోతే, బావి పక్కకు జరిగిపోతుంది.

క్షేత్రం (చమురు లేదా గ్యాసు పేరుకుని ఉన్న చోటు) సంగతి వేరు. అది భూమి లోపల ఉంది. ఎవరూ చూసింది కాదు, ఊహించి గీసింది. ఆ ఊహకు ఆధారం సైస్మిక్ సర్వే (భూమిలోకి ప్రకంపనలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులను నమోదు చేసే పద్ధతి). పొలాల్లో అయితే చిన్న గుంటలు తవ్వి, కొద్దిపాటి పేలుడు మందు పెట్టి, వరుసగా పాతిన జియోఫోన్లతో ఆ ప్రతిధ్వనిని పడతారు. సముద్రంలో అయితే ఓడ వెనక కిలోమీటర్ల పొడవున కేబుళ్లు లాగుతూ, గాలి తుపాకులు పేలుస్తూ పోతారు.

పరికరానికి దొరికేది లోతు కాదు, కాలం. ప్రకంపన వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందన్నదే దొరుకుతుంది. దాన్ని లోతుగా మార్చాలంటే ఆ రాయిలో ప్రకంపన ఎంత వేగంతో పోతుందో తెలియాలి. మెత్తటి బంకమట్టిలో ఒక వేగం, గట్టి సున్నపురాయిలో మరో వేగం. ఈ లెక్క సరిచూసుకునేది బావి తవ్వినప్పుడే. బావి ఉన్నచోట పటం నిలకడగా ఉంటుంది. రెండు బావుల నడుమ ఉన్నదంతా అంచనా.

ఈ బ్లాకులున్న కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లో ఈ అంచనా మరీ కష్టం. నదులు తెచ్చిన ఇసుక సముద్రం అడుగున లోతుకు జారుతూ మెలికలు తిరిగే కాలువలు కట్టింది. తర్వాత వాటి మీద బంకమట్టి కప్పుకుంది. డీ6లోని ప్రధాన క్షేత్రాల్లో గ్యాసు దొరికింది ఇలాంటి పూడిన కాలువల ఇసుకలోనే. ఒక ఇసుక పొర పక్కదానితో కలిసి ఉందా, మధ్యలో మట్టి అడ్డం ఉందా అన్నది సర్వేలో స్పష్టంగా తేలకపోవచ్చు.

ఆ సందేహమే మూడో సంగతికి, అంటే నిల్వకు, దారితీస్తుంది. లోపల ఉన్నదంతా నిల్వ కాదు. లాభసాటిగా బయటికి తీయగలిగినదే నిల్వ. అందులోనూ మెట్లున్నాయి. చెప్పినంత, లేదా అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం కనీసం 90 శాతం ఉంటే నిరూపిత నిల్వ. సంభావ్య నిల్వను కూడా కలిపితే ఆ అవకాశం 50 శాతం. సాధ్యమనుకున్నదీ కలిపితే 10 శాతమే. వార్తలో కనిపించే అంకె ఏ మెట్టుదో చెప్పకపోతే ఆ అంకెతో ఏమీ తేలదు.

దీనికి ఈ బేసిన్‌లోనే రెండు ఉదాహరణలున్నాయి. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ తన దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 టీసీఎఫ్ (ఒక టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు) గ్యాసు ఉందని ప్రకటించింది. తర్వాతి అభివృద్ధి ప్రణాళికలో కనిపించింది అందులో సుమారు పదో వంతే. డీ6లోని ప్రధాన క్షేత్రాలదీ ఇదే వరస. 2006లో సుమారు 10 టీసీఎఫ్ అన్న అంచనా 2012 నాటికి 3 దగ్గరికి దిగింది. ఉత్పత్తి 2009లో మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, ఆ తర్వాత వేగంగా పడిపోయింది. నీళ్లు, ఇసుక చొరబడటం వల్లేనని కంపెనీ చెప్పింది. ప్రణాళికలో ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించింది.

ఇప్పుడు తగాదాకు వద్దాం. గట్టుకు అటూ ఇటూ ఇద్దరు రైతులు బోర్లు వేశారనుకోండి. కింద నీటి పొర ఒకటే. ముందు తోడినవాడి వైపుకు నీళ్లు జరుగుతాయి. గ్యాసూ అంతే. బావి చుట్టూ పీడనం తగ్గితే గ్యాసు అటువైపు కదులుతుంది, పైనున్న బ్లాకు గీత దానికి అడ్డం కాదు. తన బ్లాకుల గ్యాసు డీ6 వైపు వెళ్లిందని ఓఎన్‌జీసీ ఫిర్యాదు చేసింది. అమెరికా సంస్థ డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్ పరిశీలించి, అక్కడి ఇసుక పొరలు కలిసే ఉన్నాయని, సుమారు 1,100 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు ఓఎన్‌జీసీ వైపు నుంచి డీ6లోకి వచ్చిందని 2015లో తేల్చింది. 2016లో ప్రభుత్వం రిలయన్స్, దాని భాగస్వాములను 155 కోట్ల డాలర్లు అడిగింది. 2018లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పిచ్చింది. 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. దాన్ని సవాలు చేస్తామని రిలయన్స్ ప్రకటించింది.

గ్యాసు గీత దాటి వచ్చిందా లేదా అన్నది పటం, పీడనం చెబుతాయి. ఒక కంపెనీ తన బ్లాకులో తవ్విన బావిలోకి అలా వచ్చి చేరిన గ్యాసు ఎవరిది అన్నది చట్టం చెప్పాలి. ఇలాంటి చోట్ల యూనిటైజేషన్ (గీతకు ఇరువైపులా ఉన్న నిక్షేపాన్ని ఒకటిగా నడిపి, వాటాలు పంచుకోవడం) అనే పద్ధతి ఉంది. అది పనిచేయాలంటే ఇరుపక్షాల సమాచారం బావులు తోడకముందే ఒకచోట చేరాలి. సర్వే, బావుల వివరాలను ఒకచోట నిల్వ చేసే జాతీయ డేటా భాండాగారం మనకు వచ్చింది 2017లోనే. అప్పటికి డీ6లో గ్యాసు తీయడం మొదలై ఎనిమిదేళ్లయింది.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి మరో గీత ఉంది. అది తీరరేఖ. కోనసీమ పొలాల్లోని బావి రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రగర్భంలోని ఖనిజం రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది, దాని రాయల్టీ కూడా కేంద్రానిదే. డీ6 గ్యాసు ఒడ్డు చేరేది కాకినాడ దగ్గర గాడిమొగలో అయినా లెక్క మారదు. కాబట్టి తీరంలో కొత్త నిక్షేపం దొరికిందన్న వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బావి గీతకు ఏ వైపున ఉంది? చెప్పిన అంకె నిరూపిత నిల్వదా, ఊహదా? ఆ ఇసుక పొర పక్క బ్లాకులోకి పాకిందా? మొదటి దానికి జవాబు పటంలోనే దొరుకుతుంది. మిగతా రెండూ మరిన్ని బావులు తవ్వితే గాని తేలవు.