మా ఊరికి నెట్ వచ్చింది



మా ఊరు గుట్టల నడుమ ఉంది. ఇదివరకు ఫోను మాట్లాడాలంటే చెరువు కట్ట మీదికి పోవాలి. అక్కడ కూడా మాట సగం వినిపించేది, సగం తెగిపోయేది. పోయిన ఏడాది గుట్ట మీద కొత్త టవరు పెట్టారు. ఇప్పుడు ఇంట్లో కూచునే మాట్లాడుకోవచ్చు. ఫోనులో నెట్ కూడా వస్తున్నది.

మా చదువు కేంద్రానికి వచ్చే అక్కలు ఒక నెల పాటు ఈ నెట్ వాడి చూశారు. నెల తిరిగాక అందరం చాప మీద కూచుని మాట్లాడుకున్నాం. ఎవరికి ఏం బాగుంది? ఎవరికి ఏం కష్టం వచ్చింది? వాళ్ళు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నెట్ అంటే ఏమిటి?

ఊరికీ ఊరికీ రోడ్డు ఉంటుంది. ఆ రోడ్ల మీద మనుషులు, సరుకులు పోతుంటాయి. నెట్ కూడా అలాంటిదే. లోకంలో ఉన్న ఫోన్లను, కంప్యూటర్లను కలిపే దారి అది. ఆ దారిలో మాటలు, అక్షరాలు, బొమ్మలు పోతాయి.

మన ఫోను నుంచి టవరు దాకా తీగ ఉండదు. రేడియో పాటలు గాలిలో వచ్చినట్టే ఇదీ గాలిలో పోతుంది. టవరు దగ్గర నుంచి చాలా చోట్ల భూమిలో పాతిన తీగల గుండా పట్నాలకు పోతుంది.

మన దేశంలో మొదటి సెల్ ఫోను మాట 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య నడిచింది. మామూలు జనానికి ఇంటర్నెట్ కూడా అదే ఏడాది ఆగస్టు 15న మొదలైంది. తరువాత 2జీ, 3జీ, 4జీ, 5జీ అని వచ్చాయి. ఇక్కడ జీ అంటే తరం. అంకె పెరిగితే వేగం పెరిగిందని అర్థం. మన దేశంలో 4జీ 2012లో మొదట కలకత్తాలో వచ్చింది. 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది.

మొదట్లో నెట్ ధర చానా ఎక్కువ. 2014లో ఒక జీబీకి సగటున 269 రూపాయలు పడేది. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ మొదట కొన్ని నెలలు ఉచితంగా ఇచ్చింది. మిగతా కంపెనీలూ ధర తగ్గించక తప్పలేదు. 2018 నాటికి ఒక జీబీ సగటున 12 రూపాయల లోపుకు దిగింది. అందుకే కూలికి పోయే ఇంటికి కూడా నెట్ వచ్చింది.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. పాత 2జీ బటన్ల ఫోనులో 4జీ రాదు. ఫోను 4జీది కావాలి. సిమ్ము కూడా 4జీది కావాలి. మా ఊళ్ళో ఇద్దరు అక్కలు ఇది తెలియక నెల రోజుల రీచార్జి దండగ చేసుకున్నారు.

మధ్యాహ్నానికే అయిపోయింది

జాకెట్లు కుట్టే అక్క ఇలా చెప్పింది.

"నేను కొత్త రకం చేతులు ఎట్లా కుట్టాలో వీడియోలో చూశాను. రెండు రోజుల్లో నేర్చుకున్నాను. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి నెట్ ఆగిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోను చెడిపోయిందేమో అనుకున్నాను."

ఫోను చెడిపోలేదు. ఆ రోజు డేటా అయిపోయింది. డేటా అంటే నెట్‌లో మనం వాడే సరుకు. నీళ్ళను బిందెలతో కొలుస్తాం. డేటాను ఎంబీ, జీబీలతో కొలుస్తారు. 1024 ఎంబీలు అయితే ఒక జీబీ. చాలా రీచార్జిలలో రోజుకు ఇంత అని ఉంటుంది. మన వీధి కొళాయి లాగే. ఈ రోజు పట్టుకోని నీళ్ళు రేపు రావు. ఈ రోజు వాటా అయిపోతే నెట్ నత్త నడక నడుస్తుంది. అర్ధరాత్రి దాటితే మళ్ళీ కొత్త వాటా వస్తుంది.

అక్షరాలు పంపితే డేటా చెంచాడు కూడా ఖర్చు కాదు. ఫోటోకు కొంచెం ఎక్కువ. వీడియోకు చానా ఎక్కువ. ఒక గంట వీడియో చూస్తే అర జీబీ దాకా పోవచ్చు. బొమ్మ మరీ స్పష్టంగా పెట్టుకుంటే ఇంకా ఎక్కువ పోతుంది. ఆ అక్క ఇప్పుడు వీడియో బొమ్మ నాణ్యత తగ్గించి పెట్టుకుంది. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలయ్యేది. దాన్ని కూడా ఆపింది. ఇప్పుడు సాయంత్రం దాకా సరిపోతున్నది.

రాత్రి ఎనిమిది గంటలకు నెట్ మెల్లగా వస్తుందని అందరూ అన్నారు. అది కూడా కొళాయి కథే. ఊరంతా ఒకేసారి తిప్పితే ధార సన్నగా వస్తుంది. ఒకే టవరును అందరూ ఒకేసారి వాడితే వేగం తగ్గుతుంది.

టమాటా ధర తెలిసింది

టమాటా సాగు చేసే వదిన చెప్పిన మాట ఇది.

"మాకు మదనపల్లె మార్కెట్టు దిక్కు. అక్కడ ధర ఎంతో తోట దగ్గరికి వచ్చిన వ్యాపారి చెప్పిందే మాట. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను."

టమాటా ధర ఎట్లా మారుతుందో మనకు తెలుసు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో వంద రూపాయలు దాటింది. మరో కాలంలో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన వాళ్ళూ ఉన్నారు. అందుకని ఏ రోజు ధర ఆ రోజు తెలియాలి.

కేంద్ర ప్రభుత్వం అగ్‌మార్క్‌నెట్ అనే చోట మార్కెట్ల ధరలు పెడుతుంది. అక్కడ మూడు అంకెలు ఉంటాయి. ఒకటి తక్కువ ధర. ఒకటి ఎక్కువ ధర. ఇంకొకటి ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. ఈ ధర కిలోకు కాదు, క్వింటాలుకు. క్వింటాలు అంటే 100 కిలోలు. అంటే 1,600 అని ఉంటే కిలో 16 రూపాయలు.

మొదటి రోజు ఏ గడి ఏమిటో నేను చెప్పాను. రెండో రోజు నుంచి వదినే చూసుకుంది. అంకెలు ఆమెకు వచ్చినవే కదా! వ్యాపారి కిలో తొమ్మిది రూపాయలు అన్నాడు. వదిన పదహారు అన్నది. ఆటో కిరాయి, తరుగు, కమిషను ఎంతో కూడా లెక్క చెప్పింది. చివరికి పదమూడుకు బేరం కుదిరింది. ధర తెలిసినంత మాత్రాన అంత ధరా చేతికి రాదు. కానీ తెలియని రోజు తొమ్మిదికే ఇచ్చి ఉండేది.

కూతురి చెయ్యి చూసింది

మా కేంద్రంలో అందరికన్నా పెద్ద వయసు పెద్దమ్మది. ఆమె కూతురు కువైట్‌లో ఇంటి పనికి పోయింది. మూడేళ్ళయింది. ఇదివరకు కట్ట మీదికి పోయి రెండు మాటలు మాట్లాడి వచ్చేది. "బాగుండావా?" "బాగుండాను." అంతే.

టవరు వచ్చాక మనవడు వాట్సాప్‌లో వీడియో కలిపి ఇచ్చాడు. మనకు రాత్రి తొమ్మిది అయితే కువైట్‌లో ఆరున్నర. కూతురి మొహం కనబడింది. కాసేపటికి చేతికి కట్టు కూడా కనబడింది. నూనె పడి చెయ్యి కాలి పది రోజులయిందట. తల్లి బాధపడుతుందని చెప్పలేదు.

"మాటలో దాచింది. ఎదురుగా దాచలేకపోయింది" అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు పెద్దమ్మ వారానికి రెండుసార్లు వీడియోలో మాట్లాడుతుంది. మిగిలిన రోజుల్లో ఉత్త మాట మాట్లాడుతుంది. ఉత్త మాటకు డేటా తక్కువ. మనవడు లేనప్పుడు తానే కలపాలని కూతురి పేరు చదవడం నేర్చుకుంది. ఆ పేరు ఆమె పెట్టిన పేరే. చదవడం మాత్రం ఇప్పుడే.

ఎనిమిది వేలు పోయినాయి

ఇప్పుడు చెప్పేది కష్టం సంగతి. ఒక చెల్లెలు పాత కుట్టు మిషను అమ్ముదామని ఫోటో తీసి నెట్‌లో పెట్టింది. ధర నాలుగు వేలు. సాయంత్రమే ఒకడు ఫోను చేశాడు. మిలిటరీలో పని అన్నాడు. బేరమే ఆడలేదు. "డబ్బు ఇప్పుడే పంపుతాను" అన్నాడు. నల్ల చుక్కల గడి బొమ్మ ఒకటి పంపాడు. "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమ్మా, డబ్బు నీ ఖాతాలో పడుతుంది" అన్నాడు.

చెల్లెలు పిన్ కొట్టింది. నాలుగు వేలు పోయినాయి. "అయ్యో, పొరపాటు అయింది. మళ్ళీ కొట్టు, రెండూ కలిపి వస్తాయి" అన్నాడు. మళ్ళీ కొట్టింది. ఇంకో నాలుగు వేలు పోయినాయి. అవి పొదుపు సంఘం కిస్తీకి దాచిన డబ్బులు.

ఆమెకు చదువు రాదా? వచ్చు. కానీ ఫోను ఇంగ్లీషులో ఉంది. వాడు చెవిలో తొందర పెడుతున్నాడు. తెర మీద ఏముందో చూడనివ్వలేదు.

ఇంట్లో చెబితే కొడతారని రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు కేంద్రానికి వచ్చి ఏడ్చింది. అప్పుడు 1930 నంబరుకు ఫోను చేయించాం. నెట్‌లో డబ్బు మోసపోయిన వాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది. బ్యాంకుకు కూడా పోయాం. ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు ఇంకా రాలేదు. వెంటనే ఫోను చేసి ఉంటే ఆ డబ్బు దొంగ చేతికి పోకుండా ఆపడానికి వీలు ఎక్కువగా ఉండేది.

ఆమె భర్త ఫోను లాక్కున్నాడు. "ఆడదానికి ఫోను ఎందుకు?" అన్నాడు. ఆ మాట మీద కేంద్రంలో చానాసేపు మాట్లాడుకున్నాం. కొందరు అతనిదే న్యాయం అన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నడక నేర్చే పిల్ల పడితే కాళ్ళు కట్టేస్తామా? పోయిన నెల వాడు జేబు కొట్టించుకోలేదా? వాడి జేబు ఎవరైనా కుట్టేశారా?" అన్నది. ఆమె అతనికి మేనత్త అవుతుంది. తానే ఇంటికి పోయి మాట్లాడింది. పదిహేను రోజులకు ఫోను తిరిగి వచ్చింది.

ఈ మాట ఎందుకు ముఖ్యమో చూడండి. 2019 నుంచి 2021 దాకా దేశమంతా ఒక పెద్ద సర్వే చేశారు. ఎప్పుడైనా నెట్ వాడిన వాళ్ళు మగవాళ్ళలో నూటికి 57 మంది. ఆడవాళ్ళలో 33 మందే. ఒక మోసం జరిగిందని ఫోను లాక్కుంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. టమాటా ధర, కూతురి మొహం కూడా దానితో పాటే పోతాయి.

ఇవి నేర్చుకుందాం

1. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ కొడితే మన డబ్బు పోతుంది. లేదా మన ఖాతాలో ఎంత ఉందో చూపిస్తుంది. డబ్బు తెచ్చే పిన్ లేదు.

2. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్ళం అని చెప్పినా చెప్పవద్దు.

3. రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. బ్యాంకు మెసేజిలో క్రెడిట్ అంటే డబ్బు వచ్చింది. డెబిట్ అంటే డబ్బు పోయింది.

4. ఫోనులో భాషను తెలుగుకు మార్చుకోవచ్చు. డబ్బు పంపే యాప్‌లు చాలా వాటిలో కూడా తెలుగు ఉంది. మార్చుకోండి.

5. ఎవరైనా తొందర పెడితే ఫోను పెట్టేయండి. తెర మీద ఉన్నది పైకి చదవండి. తరువాతే నొక్కండి.

6. ముక్కూ మొహం తెలియని యాప్‌లలో అప్పు తీసుకోవద్దు. 2020లో అలాంటి అప్పుల వాళ్ళ వేధింపులు పడలేక తెలుగు రాష్ట్రాల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

7. మోసపోతే సిగ్గు పడవద్దు. ఆ గంటలోనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు చెప్పండి.

ఆ చెల్లెలు ఇప్పుడు కేంద్రానికి వచ్చినప్పుడల్లా ఫోనుకు వచ్చిన మెసేజిలు అందరికీ వినబడేలా చదువుతుంది. మొన్న ఒకటి వచ్చింది. "మీకు లాటరీ తగిలింది, ఇక్కడ నొక్కండి" అని ఉంది. చదివి, నవ్వి, తీసేసింది. ఆమె సంగతి రాయమని నన్ను అడిగింది ఆమే. పేరు వద్దన్నది.

మాట్లాడుకుందాం

మీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మీకు ఎప్పుడు దొరుకుతుంది?

మీ రీచార్జిలో రోజుకు ఎంత డేటా? ఈ రోజు చూసి రాయండి.

మీ ఫోనుకు వచ్చిన చివరి బ్యాంకు మెసేజి చదవండి. అది డెబిట్టా, క్రెడిట్టా?

1930 అంకెను మీ ఇంటి గోడ మీద రాయండి. పక్కింటి అక్కకు కూడా చెప్పండి.