ముద్దేనహళ్ళిలోని మోక్షగుండం వారి యిల్లు

బెంగుళూరు చూడవచ్చిన చుట్టములను మనము సాధారణముగా రాజభవనమునకు తీసికొని పోవుచుందుము. మైసూరు మహారాజు చామరాజ ఒడయరు కొఱకు 1873లో గారెట్ అను ఆంగ్లేయుని నుండి ఆ యాస్తి కొనబడినది. ఆంగ్లదేశపు కోటలను పోలిన బురుజులతో అది విక్టోరియా రాణి కాలపు వైభవమును చాటుచున్నది. ఆ కాలముననే, నగరమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున, చిక్కబళ్ళాపురము వద్ద ముద్దేనహళ్ళిలో మఱియొక యిల్లు గలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన యిల్లది. నందికొండ యెక్కి వచ్చువారిలో పెక్కుమంది ఆ ప్రక్కకు తిరిగియైనను చూడరు!

ఇంటిని బాగుచేసి కాపాడుచున్నారు. గ్రామస్థులకు అది దేవాలయముతో సమానము. ప్రక్కనున్న స్మారక భవనమున వారి కండ్లద్దములు, కప్పులు, పేరుచీటీలు ముద్రించుకొన్న అచ్చుదిమ్మ, బిరుదులు, కృష్ణరాజసాగరపు నమూనా కలవు. పిల్లలు ఆనకట్ట నమూనా చుట్టు మూగుదురు. నాకు మాత్రము ఆ చిన్న అచ్చుదిమ్మయే ప్రియము.

శ్రీనివాసశాస్త్రిగారు, వెంకటలక్ష్మమ్మగారు వీరి తల్లిదండ్రులు. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో మేనమామ యండ చేకొని, పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించుకొనుచు, సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పట్టము పొందిరి. 1912 నుండి 1918 వఱకు మైసూరు దివానుగా నుండిరి. 1908లో మూసీ వఱద హైదరాబాదును ముంచిన పిమ్మట, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములకు దారి చూపినదియు వీరే. 1955లో భారతరత్న బిరుదము లభించెను.

మా విద్యార్థి యొకడు, "మోక్షగుండ మనునది మనిషి పేరా, ఊరి పేరా?" అని యడిగెను. అది కంభము ప్రాంతమందలి తెలుగు గ్రామము. వీరి పూర్వీకు లచ్చటినుండి వచ్చి కన్నడసీమలో స్థిరపడిరి. ఇచ్చటివారు పేరునకు ముందు ఊరి యక్షరము వ్రాయుదురు. మనము ఇంటిపేరు వ్రాయుదుము. విశ్వేశ్వరయ్యగారి పేరులోని 'ఎం.' అక్షరము మోక్షగుండమునకును సరిపోవును, ముద్దేనహళ్ళికిని సరిపోవును.

ఈ పర్యాయము విహారయాత్రకు ముందు, మీ యింటిపేరు ఏ యూరినుండి వచ్చినదో వ్రాసికొని రమ్మని పిల్లలకు చెప్పితిమి. కొందఱే తెచ్చిరి. తక్కినవారి తల్లిదండ్రులు దయచేసి తాతగారినో నాయనమ్మగారినో అడిగి వ్రాసి పంపగోరెదము.